బుల్లి రోబో పడవ – 4వ పాఠం: చుక్కాని లేకుండా మలుపు

పోయిన పాఠంలో ఒకే మోటారు, దాని వెనక చుక్కాని పెట్టి పడవ నడిపాం. నేరుగా పోయేటప్పుడు బాగానే ఉంటుంది. కానీ కర్నూలు పక్కన గార్గేయపురం చెరువులో లోతు కొలవాలంటే పడవ మెల్లగా పోవాలి, అక్కడక్కడా ఆగాలి. అక్కడే చుక్కాని చేతులెత్తేస్తుంది. నీళ్లు ఒరుసుకుంటూ పోతేనే దానికి పట్టు. పడవ ఆగాక ఎంత తిప్పినా లాభం లేదు. పైగా గుర్రపుడెక్క ఉన్న చోట వేర్లు చుట్టుకుంటాయి. అందుకే మన చెరువులకు రెండు మోటార్ల పడవే మేలని గట్టిగా చెబుతాను.

ఎడమ ఒకటి, కుడి ఒకటి బిగించండి. మధ్య దూరం ఎంత ఎక్కువుంటే మలుపు అంత బలంగా వస్తుంది. ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో తిరిగే జతే తీసుకోండి, లేకపోతే పడవ ఒక పక్కకు లాగుతుంది. బ్రష్‌లెస్ మోటారు దిక్కు మార్చాలంటే మూడు వైర్లలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మారిస్తే చాలు. ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు, మాత్రం వెనక్కి కూడా తిప్పేదే కొనండి.

ఇక లెక్క. ఈఎస్‌సీకి పంపే సిగ్నల్ పల్స్ నిడివి 1500 మైక్రోసెకన్లు ఉంటే మోటారు ఆగి ఉంటుంది. 2000 అంటే ముందుకు ఫుల్ స్పీడ్, 1000 అంటే వెనక్కి ఫుల్ స్పీడ్. ముందుకు 200, కుడి మలుపుకు 100 కావాలనుకోండి. ఎడమ మోటారుకు 1500+200+100, అంటే 1800. కుడిదానికి 1500+200−100, అంటే 1600. తేడా 200, పడవ కుడికి తిరుగుతుంది.

ఇప్పుడు ముందుకు 450 ఇచ్చి అదే మలుపు అడగండి. ఎడమకు 2050 రావాలి, కానీ 2000 దగ్గరే ఆగిపోతుంది. కుడికి 1850. తేడా 150కి పడిపోయింది! గట్టు దగ్గర ఇదే కొంప ముంచుతుంది. కాబట్టి కోడ్‌లో మలుపుకే పెద్దపీట వేయండి. ఒకటి 2000 దాటితే, దాటినంత మేర రెండింటిలోనూ తగ్గించండి. 2000, 1800 అవుతాయి. వేగం కాస్త తగ్గినా మలుపు నిలుస్తుంది. ఆర్డుపైలట్ రోవర్ (బండ్లను, పడవలను దానంతట అదే నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఎడమ మోటారు ఛానెల్ ఫంక్షన్ 73, కుడిది 74 పెడితే రెండింటికీ పంచే పని అదే చూసుకుంటుంది.

ఉన్నచోటే తిరగాలంటే ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి. ప్రొపెల్లర్ రెక్కల వంపు ముందుకు తోయడానికి చేసింది కాబట్టి వెనక్కి అంత బలం రాదు. పడవ తిరుగుతూనే ముందుకు జరుగుతుంది. వెనక్కి తిరిగేదానికి కొంచెం ఎక్కువిచ్చి సరిచేయండి.

ముందు ఇంటి నీళ్ల తొట్టిలో, తర్వాత తాడు కట్టి చెరువులో చూడండి. కె.సి. (కర్నూలు–కడప) కాలువ ఒకప్పుడు పడవలు తిరిగేలా తవ్వినదే అయినా అక్కడ వద్దు. సుంకేసుల ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే మన పడవ ఆ ప్రవాహానికి ఎదురీదలేదు. ప్రొపెల్లర్‌లో నాచు ఇరుక్కుంటే బ్యాటరీ వైరు పీకాకే చెయ్యి పెట్టండి.

వచ్చే పాఠంలో ఆ నాచు ఇరుక్కోకుండా ప్రొపెల్లర్ చుట్టూ జాలీ కడదాం.