హ్యాండోవర్ పేటెంటు తగాదా కాగితాలు చదవడం ఎలా

ఒకప్పుడు నాది డ్రైవ్ టెస్ట్ ఉద్యోగం, అంటే రోడ్డు మీద తిరుగుతూ మొబైల్ సిగ్నల్ కొలవడం. కారు వెనక సీట్లో లాప్‌టాపు, దానికి తగిలించిన నాలుగు ఫోన్లు, ఎచ్చెర్ల నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద పైకీ కిందకీ తిరగడం. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంట్లోనే కూచుని వకీళ్ళకి టెలికాం పేటెంట్లు విప్పి చెప్తున్నాను. మొన్నొక కుర్రాడు వచ్చాడు. "అన్నా, హ్యాండోవర్ కేసు ఇచ్చారు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాల?" హ్యాండోవరంటే కదులుతున్న ఫోనుని ఒక టవరు నుంచి ఇంకో టవరుకి అప్పజెప్పడం.

వెనక నుంచి, తమ్ముడూ. సారాంశం, బొమ్మలు తర్వాత చూద్దువు గాని. హక్కంతా చివరనున్న క్లెయిముల్లో, అంటే "ఇంతవరకూ నాది" అని గిరిగీసే వాక్యాల్లో ఉంటుంది. మొదటి క్లెయిముని ముక్కలు చేసి, ఒక్కో ముక్క పక్కన ఆ పని ఫోను చేస్తోందా, టవరు చేస్తోందా రాసుకో. అసలు కిటుకు ఇదే. 4జీలో ఫోను పక్క సెల్లు (పక్క టవరు పరిధి) సిగ్నల్ కొలిచి రిపోర్టు పంపుతుందంతే, మారమని చెప్పేది బేస్ స్టేషను, అంటే టవరు. నరసన్నపేట దాటాక ఒకచోట నా ఫోను రిపోర్టు మీద రిపోర్టు పంపేది, అవతల ఉలుకూ లేదు పలుకూ లేదు. పక్క సెల్లుని టవరు జాబితాలో ఎక్కించడం మర్చిపోయారు. రోజూ అక్కడే కాల్ తెగేది, రోజూ తిట్లు నాకే. క్లెయిములో "నిర్ణయించుట" అనే ముక్క ఉంటే, ఆ పని టవరుది కాబట్టి, క్లెయిములోవన్నీ ఫోను అమ్మినవాడే చేశాడని నిరూపించడం కష్టం.

తర్వాత ప్రయారిటీ తేదీ, అంటే ఆ ఊహ కొత్తదా కాదా తేల్చడానికి లెక్కలోకి తీసుకునే మొదటి దరఖాస్తు తేదీ. దానికి ముందే 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్కుల స్టాండర్డులు రాసే సంస్థ) సమావేశంలో ఎవరైనా అదే ఊహ పెట్టారేమో వెతుకు. ఆ కాగితాలు తేదీలతో సహా ఉచితంగా దొరుకుతాయి. వాళ్ళ స్టాండర్డు కాగితాలకి నంబర్లుంటాయి: కాల్ కోసం 4జీ నుంచి కిందికి దిగడం 23.272, నడుస్తున్న వోల్టీ (4జీ మీద నడిచే) కాల్‌ని తెగకుండా పాత నెట్‌వర్కుకి అప్పజెప్పడం 23.216. రెండూ రిలీజ్ 8 అనే ఒకే విడతవే గానీ వేరు వేరు సంగతులు, కలిపెయ్యకు. స్టాండర్డుకి "తప్పనిసరి" అన్న ముద్ర చూసి బెదిరిపోకు. అది కంపెనీ తనంతట తాను ఎట్సీకి (యూరప్ టెలికాం స్టాండర్డుల సంస్థకి) రాసిచ్చుకున్న మాట, ఎట్సీ పరీక్షించి ఇచ్చింది కాదు.

ఇక పాత తరాల గొడవ. మా అమ్మది 4జీ ఫోనే, పొలం గట్టెక్కితే 2జీకి దిగిపోతుంది. పాత నెట్‌వర్కుని మోసే ఫోను పాత పేటెంట్లనీ మోస్తుంది. 2024 మార్చిలో లావా కంపెనీ ఎరిక్సన్‌కి 244 కోట్లు కట్టాలని ఢిల్లీ హైకోర్టు అన్నది 2జీ, 3జీ కాలపు పేటెంట్ల మీదే. ఎనిమిది పేటెంట్లలో ఒకటి చెల్లదని కొట్టేసింది. తీర్పు వచ్చేసరికి వాటి గడువు తీరిపోయింది కూడా. మన దగ్గర పేటెంటు ఆయుష్షు ఫైలింగు నుంచి 20 ఏళ్ళు. గడువు తీరినా, పేటెంటు బతికున్న రోజుల్లో అమ్మిన ఫోన్లకి లెక్క అడుగుతారు.

అందుకే పేటెంట్ ఆఫీసు సైటులో రిజిస్టరు తెరిచి, ఏటేటా కట్టాల్సిన ఫీజు కట్టారో లేదో చూడు. కుర్రాడు అదొక్కటీ చూడకుండా నలభై పేజీలు చదివి వచ్చాడు. ఏటి చేస్తాం, టీ పెట్టించి రిజిస్టరు దగ్గర నుంచి మళ్ళీ మొదలెట్టాం.