శ్రద్ధ నిలిపే విద్య – మూడో పాఠం: ‘నాది’ అనే ముద్ర

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు: సంతలో పావుగంట నిలబడి, మీ చెవి ఎప్పుడెప్పుడు ఎటు పోయిందో కాగితం మీద గీతలు పెట్టుకోవడం. నేనూ చేశాను. ఆంధ్ర సరిహద్దునే ఉన్న మా ఒడిశా ఊరు పర్లాకిమిడి సంతలో మూడు భాషలు ఒక్కసారే చెవిన పడతాయి. తెలుగులో బేరం, ఒడియాలో లెక్క, కొండ దిగి పసుపూ చింతపండూ తెచ్చిన సవర గిరిజనుల మాట. అంత గోలలోనూ నా కాగితం మీద నాలుగే గీతలు పడ్డాయి. అందులో మూడు నా పేరు వల్ల పడ్డవే. ఒకసారి ‘రమణా’ అని వినబడింది, రెండుసార్లు ‘రొమొణొ’ అని. ఒడియా వాళ్ల నోట నా పేరులోని అకారాలన్నీ ఒకారాలైపోతాయి. చిన్నప్పటి నుంచీ రెండూ నా పేర్లే కనక రెంటికీ తల ఒకేలా తిరిగింది. పిలిచింది మాత్రం నన్ను కాదు, ఇంకెవరో రమణల్ని.

వందల మాటలు వదిలేసిన చెవి ఆ మూడక్షరాల్ని ఎలా పట్టుకుంది?

1959లో నెవిల్ మోరే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించాడు. కూర్చున్నవాళ్ల రెండు చెవులకూ వేరువేరు మాటలు వినిపించి, ఒక చెవిలో పడేదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో కొన్ని మాటలు 35 సార్లు తిరగేసి వినిపించినా, తరవాత అడిగితే వాళ్లకు గుర్తులేవు. కానీ అదే చెవిలో వాళ్ల పేరు పలికితే సుమారు మూడోవంతు మంది పట్టుకున్నారు. ఈ అలవాటు మనకు చాలా చిన్నప్పుడే పడుతుంది. బారసాలనాడు చెవిలో చెప్పిన పేరును బిడ్డ నాలుగున్నర నెలలకే మిగతా పేర్ల నుంచి వేరుచేసి వింటుందని 1995లో తేలింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పేరు వినగానే పలికినవాడే చురుకైనవాడనుకుంటారు. 2001లో కాన్వే, కోవన్, బంటింగ్ అదే పరీక్ష మళ్లీ పెట్టారు. చేస్తున్న పనిని మనసులో గట్టిగా పట్టి ఉంచగలవాళ్లలో 20 శాతమే తమ పేరు విన్నారు. ఆ పట్టు తక్కువైన వాళ్లలో 65 శాతం విన్నారు. కాబట్టి లెక్క చేసుకుంటున్న పిల్ల మూడు పిలుపులకూ పలకకపోతే దయచేసి కోప్పడకండి. ఆ పిల్ల శ్రద్ధ ఉండాల్సిన చోటే ఉంది.

పేరంటే ఏళ్ల తరబడి విన్నది, సరే. కొత్త వస్తువు మీద ‘నాది’ అనే ఈ ముద్ర వెయ్యగలమా? ఈ విద్యకంతటికీ కీలకం ఈ ప్రశ్నే. 2012లో జియె సుయి, ఆమె సహచరులు దీనికి జవాబు చూపించారు. త్రిభుజం నువ్వు, వృత్తం నీ స్నేహితుడు, చతురస్రం ఎవరో పరాయివాడు అన్నట్టుగా ముందే చెప్పారు. తరవాత ఆకారమూ మాటా కలిపి క్షణంసేపు చూపించి, జత సరిపోయిందా లేదా అడిగారు. ‘నువ్వు’ అని చెప్పిన ఆకారానికి జవాబులు త్వరగా వచ్చాయి, తప్పులూ తగ్గాయి. అయిదు నిమిషాల కిందట ఏ విలువా లేని మూడు గీతలవి! ఈ ఫలితం చదివిన రోజు నేను పాఠం చెప్పే తీరే మార్చుకున్నాను.

మరుసటి ఏడాది సుయి బృందం మెదడు స్కానింగులో దీన్నే చూసింది. కళ్లకు పైన, నుదుటి వెనక లోపలగా ‘నేను’ అన్న భావానికి సంబంధించిన భాగం ఒకటి ఉంది. ఎడమ చెవికి పైన, కాస్త వెనగ్గా, ముఖ్యమైనదేదో వచ్చిందని పట్టుకునే భాగం ఇంకొకటి. తనదన్న ఆకారం కనబడగానే ఈ రెండూ జతకట్టాయి. ఆ జత ఎంత గట్టిగా ఉంటే తనదాని వైపు మొగ్గు అంత ఎక్కువ. పరాయి ఆకారాలప్పుడు మాత్రం శ్రద్ధను ప్రయత్నపూర్వకంగా నడిపే భాగాలు ఎక్కువ పనిచేశాయి. పరాయిదాన్ని బలవంతాన చూడాలి, మనదాన్ని చూడడానికి ఆ బలవంతం అంతగా అక్కర్లేదు.

ఇప్పుడు సాధన. మనవాళ్లలో చాలామందికి ఒడియా మాట వస్తుంది కానీ రాత రాదు, కొందరికి రెండూ రావు. అందుకే ఒడియా మాటలతోనే చేద్దాం.

పది మాటలు తీసుకోండి. మొదటి అయిదు: హాటొ (సంత), లుణొ (ఉప్పు), మాఛొ (చేప), గొఛొ (చెట్టు), పాణి (నీళ్లు). వీటిని అర్థంతో సహా మూడేసి సార్లు రాయండి, అంతే.

తక్కిన అయిదు: ఘొరొ (ఇల్లు), ఛొతా (గొడుగు), చాబి (తాళంచెవి), దుఆరొ (తలుపు), భాతొ (అన్నం). ఒక్కోదానికి ముందు ‘మో’ చేర్చండి. మో అంటే నా. మో ఛొతా అని రాసి, మీ గొడుగు ఏ రంగో, దాన్ని ఎక్కడ మరిచిపోయారో ఒక్క వాక్యం తెలుగులో రాయండి. కల్పించి రాస్తే పట్టు రాదు, నిజంగా జరిగిందే రాయండి. నా వాక్యం ఇది: ‘మో ఛొతా నల్లది, గుణుపురం బండిలో వదిలేశాను, పాతపట్నం దాకా తడిశాను.’ ఎనిమిదేళ్లయింది, ఆ మాట నన్ను వదల్లేదు.

1977లో రోజర్స్, కైపర్, కిర్కర్ చేసిన ప్రయోగానికి ఇది దగ్గరిది. ఒక మాట అక్షరాలు పెద్దవా చిన్నవా, దానికి ప్రాస ఏది, అర్థం ఏది, అది నీకు వర్తిస్తుందా అని నాలుగు రకాలుగా అడిగితే, చివరి ప్రశ్న వేసిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి.

రాత్రి పుస్తకం మూసెయ్యండి. తిరగెయ్యొద్దు. మర్నాడు పొద్దున కాఫీకి ముందు, గుర్తున్నన్ని మాటలు తెల్ల కాగితం మీద రాసి, ఏ గుంపువి ఎన్నో పక్కన వేసుకోండి. అలా మూడు రోజులు, రోజూ కొత్త పది మాటలతో. నాలుగో రోజు మొదటి రోజు పది మాటలే మళ్లీ తీసుకుని గుంపులు తారుమారు చెయ్యండి: మొదటి అయిదింటికి ‘మో’ చేర్చి, తక్కినవాటిని ఉత్తినే రాయండి. మాటలే సులువైనవా, ముద్ర పనిచేసిందా అన్నది అప్పుడు తెలుస్తుంది.

ఆ అంకెల కాగితం పారెయ్యకండి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ‘నా సంగతీ ఇంతే’ అంటూ మధ్యలో దూరే మనసును ఎలా ఆపాలో నాలుగో పాఠంలో చూస్తాం. అక్కడ ఈ కాగితంతోనే మొదలుపెడతాం.