పాత నూనె గిన్నె ఖాళీ చేశాకే పండక్కి మూకుడు పెట్టండి

పోయిన వారం మా పక్క వీధిలో ఒకావిడకి చేతులు కాలాయి. సంక్రాంతికి పిల్లలొస్తున్నారని జంతికలు మొదలుపెట్టారు. దీపావళికి గారెలు వేయగా మిగిలిన నూనె స్టీలు గిన్నెలో మూత పెట్టి ఉంది. అది మూకుట్లో పోసి, పైన కొత్త ప్యాకెట్టు కత్తిరించి పోశారు. మొదటి వాయి బాగానే వచ్చింది. రెండో వాయి వేయగానే నూనె పాలు పొంగినట్టు నురగతో పొంగి, అంచు దాటి మంట మీద పడింది. కంగారులో చెంబుడు నీళ్ళు కొట్టారు. దాంతో మంట ఒక్కసారిగా పైకి లేచింది. ఇప్పుడు రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. తన ముద్ద తను కలుపుకోలేకపోతున్నారు.

నేను పదిహేనేళ్ళుగా ఆర్డర్ల మీద పిండివంటలు చేస్తున్నాను. తీపి తగ్గించండి, నెయ్యి తగ్గించండి అని అందరూ చెప్తూనే ఉన్నారు, మళ్ళీ నేను చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. పాత నూనె మీద కొత్త నూనె పోయకండి.

నూనె కాగిన ప్రతిసారీ కొంత పాడవుతుంది. చిక్కబడుతుంది, నురగ కడుతుంది, మునుపటికన్నా తక్కువ వేడికే పొగ వస్తుంది. కొత్త నూనె కలిపితే రంగు తేరుకుంటుంది, అంతే. పాడైంది బాగుపడదు, పైగా కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. గుడ్డలో వడకట్టాం కదా అంటారు. వడకడితే పోయేవి మాడిన పిండి నలకలే. పండగ మూడు రోజులూ గుండెల్లో మంట, గొంతులో గరగర ఉంటే చాలామంది అరిసెల్ని తిడతారు. నేనైతే ముందు ఆ నూనె గిన్నె చూస్తాను. అలా మళ్ళీ మళ్ళీ కాచిన నూనె గుండెకి కూడా మంచిది కాదు.

నూనె కాగి పాడైనకొద్దీ అందులో పెరిగేవాటిని పోలార్ పదార్థాలు అంటారు. వేపుడు నూనెలో అవి 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై 1 నుంచి రూలు పెట్టింది. దాన్ని కొలిచే మీటర్లు ఉన్నాయి గానీ మన వంటింట్లో కళ్ళూ ముక్కే మీటర్లు. నల్లబడినా, జిగురు పట్టినా, వాయి వేయకముందే పొగ వచ్చినా పారబోయండి. ఒకసారి కాగిన నూనెని మళ్ళీ వేపుళ్ళకి వాడొద్దని, వడకట్టి కూరల్లో వేసినా ఒకటి రెండు రోజుల్లో అయిపోగొట్టాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. దీపావళి నూనె సంక్రాంతి దాకా ఎందుకు దాచుకోవాలి?

నూనె వృథా అవుతుందని బాధగా ఉంటే అసలు తక్కువ పోయండి. లోతుగా, ఇరుకుగా ఉన్న మూకుడైతే అర లీటరుతో పని అయిపోతుంది. ఒకే రోజు వరస పెట్టి చేసుకోండి: ముందు అప్పడాలు, తర్వాత జంతికలు, సకినాలు, ఆ తర్వాత గారెలు. బూరెలు, అరిసెలు చివర్న. బూరె తోపు పల్చనైతే పూర్ణం నూనెలోకి కారి మాడుతుంది, ఇక ఆ నూనె దేనికీ పనికిరాదు.

వండినవన్నీ ఒకేసారి వడ్డించకండి, విస్తట్లో పూటకి నూనెలో వేగింది ఒక్కటే పెట్టండి. బూరెలు వడ్డించిన పూట గారెలు వద్దు. బూరెల బదులు పెనం మీద బొబ్బట్లు చేయొచ్చు, ఆవిరి మీద జిల్లేడుకాయలు వండొచ్చు. నువ్వులుండలకి మూకుడే అక్కర్లేదు. ఈ కాలంలో చిక్కుడుకాయ, గుమ్మడికాయ ఎలాగూ చవక. విస్తరిలో కూర ఎక్కువ, వేపుడు తక్కువ ఉండేట్టు వడ్డించండి.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి, వరసగా చెప్పేస్తాను.

అరిసెలు నొక్కినప్పుడు కారిన నూనె తిరిగి మూకుట్లో పోయకండి.

న్యూస్ పేపర్ మీద వడలు వేయకండి. ఆ సిరా తినేది కాదు.

బెల్లమే కదా అని షుగర్ ఉన్న మామగారికి నాలుగు అరిసెలు పెట్టకండి. బెల్లం కూడా షుగర్ పెంచుతుంది. పండగ రోజని ఆయన మాత్ర మాననివ్వకండి.

మూకుడులో సగానికి మించి నూనె పోయకండి.

పొయ్యి మీద నూనె పెట్టి ఫోన్ ఎత్తకండి.

మూకుడు కన్నా పెద్ద మూత పక్కనే పెట్టుకోండి. మంట లేస్తే స్టవ్ కట్టేసి, మూత వేసి, దూరం జరగండి. మూకుడు కదపొద్దు. నీళ్ళు అసలే పోయొద్దు.

చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. పేస్టు, పసుపు, ఐసు ఏవీ రాయొద్దు. కాలింది ఎక్కువైతే 108కి ఫోన్ చేయండి.

పాత నూనె సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. చల్లారాక సీసాలో పోసి మూత బిగించి చెత్తబండిలో వేయండి. ఇది రేపు కాదు, కొత్త ప్యాకెట్టు కత్తిరించే ముందే చేయండి.