పాత కారు వేడెక్కితే – 3వ పాఠం: ముల్లు ఎప్పుడు లేస్తోంది?

కిందటి పాఠంలో నీళ్ళు తిరిగే దారి చూశాం: పంపు, బ్లాకు (ఇంజిను అసలు దిమ్మ), హెడ్డు (దాని పై భాగం), థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాకే నీళ్ళను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు), పై హోసు, రేడియేటర్, కింది హోసు, మళ్ళీ పంపు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడెప్పుడు లేస్తోందో వారం పాటు రాసుకోమన్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే. అది లేకుండా షెడ్డుకి వెళ్తే ముందు రేడియేటర్ దింపుతారు, తర్వాత పంపు మారుస్తారు, ఆఖరికి ఫ్యాను వైరు ఊడిందని తేలుతుంది.

ఒక్క జాగ్రత్త మళ్ళీ చెప్పాలి. ఇంజిను వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. కనీసం ముప్పావుగంట ఆగి, పై హోసు చేత్తో నొక్కితే మెత్తగా ఉందనిపించాకే గుడ్డ వేసి తీయండి. ఉడుకుతున్న ఇంజినులో చన్నీళ్ళు పోసినా హెడ్డు వంకర పోవచ్చు, పగలొచ్చు.

ఆగితే వేడి, పరుగెడితే చల్లన

రావులపాలెం నుంచి జొన్నాడ వంతెన మీదుగా అరవైలో వెళ్తే ముల్లు మధ్యలోనే ఉంటుంది. అదే బండి ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆటోల వెనక నత్తనడక నడిస్తే ముల్లు పైకి పాకుతుంది. మీ కాగితం ఇలా చెబుతుంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయని, గాలే చాలడం లేదని అర్థం. పంపు జోలికి, థర్మోస్టాట్ జోలికి ఇప్పుడే పోవద్దు.

పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టు మీద తిరుగుతుంది. బెల్టు రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా దిగాలి. లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే ఎంత బిగించినా జారుతుంది, మార్చేయండి.

మారుతి 800లో ఫ్యాను కరెంటుది. ఏసీ ఉంటే ఆపి, ఇంజినును ఐడిల్‌లో వదిలేసి చూడండి. ముల్లు సగం దాటి పైకి పోతున్నా ఫ్యాను అందుకోకపోతే ఇంజిను ఆపండి. ఫ్యాను స్విచ్ సాకెట్ ఊడదీసి, అందులోని రెండు కాళ్ళనూ చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేయండి. ఒకటే వైరున్న స్విచ్ అయితే ఆ వైరును ఇంజిను ఇనుముకు తాకించండి. ఫ్యాను తిరిగితే స్విచ్ పోయినట్టు. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరసలో చూడండి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గినా స్విచ్‌కి వేడి తగలక ఫ్యాను రాదు. కాబట్టి కొత్త స్విచ్ కొనే ముందు, ఇంజిను చల్లారాక మూత తీసి నీళ్ళు అంచుదాకా ఉన్నాయో లేదో చూసుకోండి.

తిరుగుతున్న ఫ్యానంతా పనిచేస్తున్న ఫ్యాను కాదు. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. ఫ్యాను ఆడుతుండగా న్యూస్‌పేపర్ కాగితం ఒకటి ముందు జాలీకి ఆనించి వదలండి. అతుక్కుని నిలబడితే గాలి సరైన వైపు లాగుతోంది. జారి పడిపోతే గాలి చాలడం లేదు, ఎగిరి మీ మొహం మీదికొస్తే వైర్లు అటుదిటు చేయాలి.

ఫ్యాను బాగుంటే రేడియేటర్ రెక్కలు చూడండి. దాళ్వా (రబీ వరి) కోతల్లో కోత మిషన్ల వెనక, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద తిరిగిన బండిలో ఊక, గడ్డి తునకలు చేరతాయి. ఏసీ ఉన్న బండికి అవి కండెన్సర్‌కీ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే ముందు భాగం) రేడియేటర్‌కీ మధ్య సందులో పరుపులా పేరుకుంటాయి, ముందు నుంచి చూస్తే కనపడవు. చీకట్లో ఇంజిను వైపు నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూడండి. వెలుగు రాని మేర గాలి కూడా పోదు. మామూలు గొట్టం నీళ్ళతో ఇంజిను వైపు నుంచి బయటికి కడగాలి. సర్వీసింగ్ గన్ను పెడితే రెక్కలు మడతపడి ఉన్న దారీ మూసుకుపోతుంది.

మన ఉక్కపోత రేడియేటర్‌ని నేరుగా ఏమీ చేయదు, దానికి చెమట పట్టదు కదా. ఏసీ సంగతి వేరు. తేమను నీరుగా మార్చడానికి ఏసీ అదనంగా లాగిన వేడంతా కండెన్సర్‌ మీదుగా రేడియేటర్ మొహాన్నే కొడుతుంది. రోహిణి కార్తెలో ఏసీ వేస్తేనే ముల్లు లేస్తోందంటే ముందు ఆ సందు కడగండి.

పరుగెడితే వేడి

ఇది తిరగేసిన కథ. వేగంలో గాలికి కొదవ లేదు, నీళ్ళు చాలినంత తిరగడం లేదు. మన దగ్గర మొదటి అనుమానం బోరు నీళ్ళ మీద. సముద్రం వైపు, రొయ్యల చెరువుల చుట్టుపక్కల బోర్లలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు అల్యూమినియం హెడ్డును తింటుంది. నీటిలోని సున్నం సన్నటి గొట్టాల్లో పెచ్చు కడుతుంది.

పరీక్ష సులువే. చల్లటి ఇంజిను నుంచి నీళ్ళన్నీ దింపి, కొలిచి, బండి పుస్తకంలోని అంకెతో పోల్చండి. దింపేముందు నిండుగా ఉన్నా బాగా తక్కువ వస్తే, కొంత బ్లాకులో మిగిలిందో పెచ్చే ఆ చోటు తినేసిందో తేల్చాలి. నీళ్ళు నింపి, ఇంజిను బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాను సాకెట్ ఊడదీయండి. అది ఇంజిను ఆపాక కూడా తనంతట తాను తిరగొచ్చు. అప్పుడు రేడియేటర్ మీద అరచేతిని దగ్గరగా జరుపుతూ చూడండి. చుట్టూ వేడిగా ఉండి మధ్యలో ఒక చోట చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి. రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించాలి. తర్వాత బోరు నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని కింది హోసును చూడండి. చప్పిడిపోతుంటే లోపలి స్ప్రింగు తుప్పుపట్టి పోయిందన్నమాట. పంపు కింది చిన్న బెజ్జం నుంచి కారిన చార ఉన్నా, పుల్లీని పట్టుకుని ఊపితే కదిలినా పంపు మార్చాలి. ఇవేవీ కాకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే వేళ) వెనకబడిందేమో, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి.

డెల్టా అంతా బల్లపరుపు. ఎత్తంటే వంతెన అప్రోచే. అందుకే సగం మూసుకున్న రేడియేటర్ కూడా ఇక్కడ ఏళ్ళ తరబడి నెట్టుకొస్తుంది, మారేడుమిల్లి ఘాట్ ఎక్కిన రోజే బయటపడుతుంది.

బయల్దేరిన ఐదారు నిమిషాలకే వేడి

నీళ్ళు నిండుగా ఉన్నా ఇలా అయితే థర్మోస్టాట్ మూసుకుని బిగిసిందేమో చూడాలి. ముల్లు పైకి పోయినా పై హోసు చల్లగా ఉండటం దాని గుర్తు. విప్పి, వాల్వు సందులో దారం ఇరికించి, గిన్నెలో నీళ్ళు పోసి అడుగుకు తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. పక్కన థర్మామీటరు ఉండాలి. దారం జారి థర్మోస్టాట్ కిందపడిన క్షణాన థర్మామీటరు చూపేదే వాల్వు తెరుచుకున్న వేడి. దాని మీద 82 అనో 88 అనో కొట్టి ఉంటుంది, రెండు మూడు డిగ్రీల తేడా ఫర్వాలేదు. నీళ్ళు మరిగే సరికి వాల్వు సుమారు 8 మిల్లీమీటర్లు లేవాలి.

'మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, తీసి పారెయ్' అనే సలహా ప్రతి షెడ్డులోనూ దొరుకుతుంది. వినొద్దు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే కొంత నీరు రేడియేటర్ దాకా పోకుండానే తిరిగొచ్చేస్తుంది.

రేడియేటర్ మూతనూ మరవకండి. దాని మీద 0.9 అని ఉంటే ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్ళు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండి బీటలువారితే వందకే మరిగి పొంగుతాయి.

థర్మోస్టాట్ బాగుండి, చల్లటి ఇంజిను స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోసు గట్టిపడుతుంటే, మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్డు గ్యాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య బిగించే పలక) మీద అనుమానం. ఆ బండిని ఇంక తిప్పకండి. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపించినంత మాత్రాన మాత్రం గ్యాస్కెట్ పోయిందనుకోవద్దు. దగ్గర దూరాలే తిరిగే బండికి వానాకాలంలో తేమ వల్ల కూడా అలా అవుతుంది.

వచ్చే పాఠం కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలవడం. స్పార్క్ ప్లగ్ పానా, ప్లగ్ బెజ్జానికి సరిపోయే మరలున్న కంప్రెషన్ గేజి సిద్ధం చేసుకోండి. బ్యాటరీ ముందు రాత్రే పూర్తిగా చార్జింగ్ పెట్టండి.