ఒడ్డు ఎంత కోసుకుపోయిందో రెండు కర్రలతో కొలవడం

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు గట్టి తుఫాను వస్తే చాలు, కొట్టుకుపోతుంది. సముద్రం ముందుకొచ్చేసిందని అందరూ అంటారు. ఎంత వచ్చిందని అడిగితే మాత్రం ఎవరి లెక్క వారిది. నీటి అంచు పోటుకు ఒకచోట, పాటుకు ఇంకోచోట ఉంటుంది కాబట్టి దాన్ని చూసి చెప్పే లెక్కలు నిలవవు. ఇసుక ఎత్తును కొలవాలి. అందుకు 1961లో ఎమరీ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పిన రెండు కర్రల పద్ధతి చాలు. ఖర్చు దాదాపు లేనట్టే.

ఒకటిన్నర మీటరు పొడవున్న తిన్నని కర్రలు రెండు తీసుకోండి. పీవీసీ పైపులైనా సరే. సున్నా పైకొసన ఉండేలా, పైనుంచి కిందికి ప్రతి సెంటీమీటరుకూ గీత గీయండి. అడుగున అరచేతి వెడల్పు చెక్క బిగించండి. అది లేకపోతే తడి ఇసుకలో ఒక కర్ర దిగబడి రెండోది దిగబడదు, ఆ తేడా అడుగడుగునా కూడుకుంటూ పోతుంది. కర్రల మధ్య దూరానికి 2 మీటర్ల తాడు కావాలి. నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగుతుంది.

కొలత మొదలయ్యే గుర్తు కదలనిదై ఉండాలి. గుడి అరుగు మూల, కల్వర్టు దిమ్మ లాంటివి మంచివి. ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టు, కరెంటు స్తంభం పనికిరావు, కోత వస్తే ముందు ఒరిగేవి అవే. ఆ గుర్తునూ దాని వెనక ఉన్న మరో కదలని వస్తువునూ ఒకే వరసలో చూసుకుంటే ఏటా అదే గీత మీద నడవొచ్చు.

ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గుర్తు దగ్గర, మరొకరు తాడు బిగిసేదాకా నీటివైపు వెళ్లి కర్రలు నిటారుగా పట్టుకోవాలి. గట్టువైపు మనిషి తన కర్ర పక్కన కన్ను పెట్టి, ముందు కర్ర పైకొసనూ సముద్రం ఆకాశాన్ని తాకే గీతనూ కలిపి చూడాలి. ఆ చూపు తన కర్ర మీద 18 దగ్గర పడితే, 2 మీటర్లలో ఇసుక 18 సెంటీమీటర్లు దిగిందని అర్థం. ముందు ఇసుక ఎత్తుగా ఉంటే తన కర్ర కొస మీదుగా చూసి ముందు కర్ర మీది అంకె చదవాలి, దాన్ని ఎక్కుడుగా రాయాలి. తర్వాత ముందు కర్ర ఉన్న చోటికి వెనక కర్ర రావాలి. మోకాలి లోతు నీళ్లొచ్చేదాకా ఇలాగే సాగండి. వరసగా 18, 22, 9 వస్తే ఆరు మీటర్లలో 49 సెంటీమీటర్ల దిగుడు.

మన తీరంలో పొద్దున్నే కొలవడానికి దిగితే ఎదురుగా సూర్యుడు, సముద్రం ఆకాశాన్ని తాకే గీత కనపడదు. మధ్యాహ్నం దాటాక పాటు వచ్చే రోజు చూసుకోండి. ఆటుపోట్ల వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ప్రకటిస్తుంది. మంచు మసక ఉంటే ఆ రోజు వదిలేయండి.

జూన్ కొలతనూ ఫిబ్రవరి కొలతనూ పోల్చకండి. నైరుతి కాలపు కెరటాలు ఒడ్డు ఇసుకను లాగి లోపల తిప్పలా పోస్తాయి. సముద్రం నెమ్మదించాక అందులో చాలా భాగం వెనక్కి వస్తుంది. ఫిబ్రవరిని ఫిబ్రవరితోనే పోల్చాలి. తుఫాను వెళ్లిన రెండు రోజుల్లో ఒకసారి, మూడు నెలలకు మరోసారి కొలిస్తే తిరిగొచ్చింది ఎంతో తెలుస్తుంది.

నిరుటితో పోలిస్తే నలభై మీటర్ల వెడల్పున ఇసుక ఎత్తు సగటున 30 సెంటీమీటర్లు తగ్గితే తీరం ప్రతి మీటరుకూ 12 ఘనపు మీటర్ల ఇసుక పోయినట్టు. అర కిలోమీటరు ఊరికి అది 6,000 ఘనపు మీటర్లు. ఇసుక బస్తాలు వేసి ఆపుతామనే వారికి ఈ అంకె చూపించండి.

ఇక కారణం. 2006 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం ఏటా సుమారు 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. మట్టం ఎంత పెరిగితే ఇసుక తీరం దానికి 50 నుంచి 100 రెట్లు వెనక్కి జరుగుతుందని బ్రూన్ సూత్రం చెబుతుంది. అంటే ఏటా దాదాపు 20 నుంచి 40 సెంటీమీటర్లు. అది మోటు లెక్కే, తీరం వెంట అటూ ఇటూ కదిలే ఇసుకను పట్టించుకోదు. అయినా మీ ఒడ్డు ఏటా ఐదు మీటర్లు పోతుంటే నింద మొత్తం సముద్రమట్టం మీద వేయలేం. ఇసుక ఎక్కడో ఆగిపోతోంది.

ఆంధ్ర తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది. దానికి ఏది అడ్డొచ్చినా దక్షిణాన మేట, ఉత్తరాన కోత. విశాఖలో పోర్టు గోడలు ఇసుకను ఆపేస్తాయి కాబట్టే డ్రెడ్జర్లతో తవ్వి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ దిబ్బ కాకినాడకు అడ్డుగోడలా నిలిచింది, దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ రక్షణ లేదు. కాబట్టి ఒక గీత సరిపోదు. పోర్టు గోడ లాంటి కట్టడం ఉంటే దానికి దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, రెండింటికీ దూరంగా ఇంకొకటి కొలవండి. దక్షిణాన పెరిగి ఉత్తరాన తరుగుతుంటే అడ్డు కట్టడానిదే. మూడూ ఏళ్ల తరబడి తరుగుతుంటే నది తెచ్చే ఇసుక తగ్గిందా, డెల్టా నేల కుంగుతోందా, మట్టం పెరుగుతోందా అని చూడాలి. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయిన డెల్టాల్లో ఈ మూడూ కలిసే పనిచేస్తాయి.

రాళ్ల గోడ, జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం) ఉన్నచోట పైనుంచి టేపు వేలాడదీసి దాని పాదం దగ్గర ఇసుక లోతు కూడా రాయండి. గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లిన కెరటం ముందు అక్కడి ఇసుకనే తవ్వుతుంది, ఆ తర్వాత రాళ్లు జారతాయి. గోడ ఉత్తరపు కొస దాటాక 50, 100 మీటర్ల దగ్గర కూడా కొలవండి, కోత అక్కడికి మళ్లుతుంది. పాదం లోతు ఏటా పెరుగుతుంటే, రాళ్లు ఇంకా కదలకపోయినా, తేదీలతో ఆ అంకెలను అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి.