మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇంటి సాధన – మూడవ పాఠం: ఆత్రాన్ని అణచడం

రెండవ పాఠంలో కటి అడుగు కండరాన్ని (మూత్రాశయాన్ని కింది నుండి మోస్తూ, మూత్రాన్ని ఆపి పట్టే కండరాన్ని) గుర్తించడానికి, మూత్రానికి వెళ్ళినప్పుడు మధ్యలో ఒక్కసారి ధారను ఆపి చూడమన్నాను. అది కండరం ఏదో తెలుసుకోవడానికి మాత్రమేనని అక్కడే వ్రాసినా, చాలామంది వెళ్ళిన ప్రతిసారీ ధారను ఆపుతూ, వదులుతూ దానినే వ్యాయామంగా చేస్తున్నారని ఉత్తరాల వల్ల తెలిసింది. పూర్తిగా పోయినట్లు అనిపించడం లేదని కొందరి ఫిర్యాదు. కనుక ఈనాటి పాఠంలోని కాలపట్టికను, అంటే మూత్రానికి వెళ్ళే వేళల పట్టికను, చివరకు జరిపి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

మూత్రాశయం గోడ కూడా కండరమే. మూత్రం పోసేటప్పుడు ఆ గోడ బిగుసుకుంటుంది, అడుగు కండరం వదులవుతుంది. మధ్యలో మీరు అడుగు కండరాన్ని బిగిస్తే, ఇక చాలన్న సంకేతం చేరి గోడ సడలిపోతుంది, లోపల కొంత మూత్రం మిగిలిపోతుంది. అలా మిగలడం రోజూ అలవాటైతే అందులో సూక్ష్మజీవులు పెరిగి ఇన్‌ఫెక్షన్‌కు దారితీయవచ్చు. అడుగు కండరాన్ని బిగించి వదిలే సాధన చేయవలసింది మూత్రాశయం ఖాళీ అయిన తర్వాత, కూర్చుని గాని పడుకుని గాని, పిరుదులూ తొడలూ పొట్టా బిగించకుండా, ఊపిరి బిగపట్టకుండా. విడతకు ఎనిమిది బిగింపులు, రోజుకు మూడు విడతలు, కనీసం 3 నెలలు. వారం గడిచినా గుణం లేదని వ్రాసినవారికి ఇంతకు మించి జవాబు లేదు.

అయితే ధార మధ్యలో హాని చేసే ఆ సంకేతమే ఆత్రం (ఉన్నట్టుండి వెంటనే మూత్రానికి వెళ్ళాలనిపించడం) మొదలైనప్పుడు మేలు చేస్తుంది. వీధి తలుపు తాళం తీస్తుండగా, కుళాయి శబ్దం వినగానే, చన్నీళ్ళలో బియ్యం కడుగుతుండగా హఠాత్తుగా ఆత్రం కలిగితే పరుగెత్తవద్దు. ఉన్నచోటనే ఆగి, అడుగు కండరాన్ని ఐదారుసార్లు త్వరత్వరగా బిగించి వదలండి. ఆత్రం పెరిగి, నిలిచి, తగ్గుతుంది; తగ్గిన తర్వాతనే నిదానంగా నడవండి. ఆ కాసేపూ నూరు నుండి ఏడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టడం నాకు నచ్చిన పద్ధతి, ఎక్కాలు చదువుకున్నా సరే. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు చుక్కలు పడేవారు దగ్గు రాబోతుండగానే బిగించాలి.

ఇక కాలపట్టిక. ఎప్పుడు వెళ్ళారో, ఎంత పోశారో, ఏమి తాగారో 3 రోజులు వ్రాయండి. గంటకొకసారి వెళుతున్నట్లు తేలితే గంటంపావుకు జరపండి. అది వారం నిలకడగా సాగాక మరొక పావుగంట పెంచండి. పగటిపూట 3 గంటల ఎడం వచ్చేవరకు, కనీసం 6 వారాలు ఇలా కొనసాగాలి. నీళ్ళు మానేసి ఎడం పెంచుకోవడం లెక్కలోకి రాదు, ఎందుకంటే చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. తగ్గించవలసినవి కాఫీ, టీ. సాయంత్రం నాలుగు దాటితే నేను కాఫీ ముట్టను. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్ర వేసుకునేవారు దాని వేళ గురించి డాక్టరును అడగాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, మంటతో జ్వరం వచ్చినా, మూత్రం అసలే రాకపోయినా, కాళ్ళలో కొత్తగా తిమ్మిరి తోచినా సాధన ఆపి వెంటనే వైద్యుని చూడండి.

అభ్యాసం: బయటి నుండి వచ్చి తాళం తీశాక చెప్పులు విడిచి, సంచి దించి, కుళాయి కింద చేతులు కడుక్కుని, అప్పుడు వెళ్ళండి. కష్టమైన పరీక్షే కనుక మొదటి వారం ప్యాడ్ పెట్టుకుని చేయండి.