నాలుగు వేలలో నలుగురికి పుష్టికరమైన భోజనం: నా అనుభవం

అనంతపురంలో అద్దె ఇంట్లో ఉంటున్న మా నలుగురి తిండికి నెలకు 4,000 రూపాయలకు మించి మిగలని రోజులలో, చౌక దుకాణపు బియ్యం, పలుచటి చారు, ఊరగాయలతోనే పూటలు గడిచేవి. కడుపు నిండేది కాని, పెద్దమ్మాయికి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 మాత్రమే ఉన్నదని, అంటే రక్తం తక్కువగా ఉన్నదని తేలింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతూనే, నేను వంటింటి లెక్కను మొదటి నుంచి మార్చాను.

బిస్కెట్లకూ ప్యాకెట్ చిరుతిళ్లకూ ఎంత పోతున్నదో నెల రోజులు రాసి చూసుకున్నాక నాకు నిజంగా బాధ కలిగింది. ఆ సొమ్ముతో ఉలవలు, రాగులు, బుడ్డలు (వేరుశనగలు) కొన్నాను. నూరు గ్రాముల ఉలవలలో దాదాపు 22 గ్రాములు, బుడ్డలలో 25 గ్రాములు మాంసకృత్తులుంటాయి. రాగులలో కాల్షియం బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉలవలను రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆ కట్టును పారబోయకుండా చింతపండు రసంతో చారు కాచి, గింజలకు ఉల్లిపాయ, ఎండుమిర్చి తాలింపు పెడితే ఒక్క ఉడుకుతో రెండు వంటలు సిద్ధమవుతాయి.

మధ్యాహ్నం రాగి సంగటి, బుడ్డల ఊరిబిండి (పచ్చడి). రాత్రి అన్నంలోకి పక్కింటి చెట్టు మునగాకుతో పప్పు. (పక్కింటి అక్క ఏనాడూ కాదనలేదు.) ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి కనుక, దించిన తరువాత నిమ్మరసం పిండుతాను. టీ ఆ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు; భోజనం కాగానే టీ తాగే అలవాటును మాన్పించడానికి మాత్రం మా ఆయనతో రెండు నెలలు పట్టింది.

నాలుగు నెలలకు అమ్మాయి హిమోగ్లోబిన్ 11 దాటింది. ఇప్పుడు అదే ఖర్చులో వారానికి రెండుసార్లు కోడిగుడ్లు కూడా వండుతున్నాను.